గమ్యము చేరని కారు

బండి ఎంత గట్టిదైనను కడశీల ఊడినచో చక్రము నిలువదు. ఈ సంగతి కోనసీమలో ఎడ్లబండి తోలిన రైతులందరికిని అనుభవమున తెలిసినదే. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి కొబ్బరికాయల లోడుతో రావులపాలెము వైపు పోవు లారీలు నేడు ఆ బండ్ల స్థానమును ఆక్రమించినవి. అయినను నియమము మారలేదు. చిన్న భాగము చెడినచో పెద్ద యంత్రము నిలిచిపోవును. లోకములో మిక్కిలి వేగముగా పరుగెత్తు పందెపు కార్లకును ఇదే వర్తించును. ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ జీవితములోని ఒక సంఘటన దీనికి తార్కాణము.

కార్తికేయన్ 1977వ సంవత్సరము జనవరి 14వ తేదీన జన్మించెను. తెలుగు కుటుంబములు అనేకము తరతరములుగా స్థిరపడియున్న కోయంబత్తూరు అతని ఊరు. తండ్రి కూడ కార్ల పందెములలో పేరు పొందినవాడే. కార్తికేయన్ మద్రాసు సమీపమున శ్రీపెరుంబుదూరులో పందెములు నేర్చి, ఫ్రాన్సు దేశమున శిక్షణ పొంది, 1996లో ఫార్ములా ఆసియా విజేతయయ్యెను. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టెను.

ఆ యేడు ఏప్రిల్ 3వ తేదీన బహ్రెయిన్‌లో జరిగిన పందెము అతనికి మూడవది. రెండు చుట్లు ముగియగానే కారులోని విద్యుత్ వ్యవస్థ చెడిపోయెను. అతడు పందెమునుండి తప్పుకొనవలసి వచ్చెను. అయినను అతడు అధైర్యపడలేదు. జూను 19వ తేదీన అమెరికాలో టైర్ల భద్రతను గూర్చిన సందేహముచే పెక్కు జట్లు తప్పుకొనగా ఆరు కార్లే పరుగెత్తినవి. అందు కార్తికేయన్ నాలుగవవాడై 5 పాయింట్లు సంపాదించెను. భారతీయునకు ఆ పందెములలో పాయింట్లు లభించుట అదే మొదలు.

ఏడేండ్లు గడచినవి. 2012లో అతడు హెచ్.ఆర్.టి. అను స్పెయిన్ దేశపు జట్టులో ఉండెను. అది ధనబలము లేని జట్టు. అక్టోబరు 28వ తేదీన ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో స్వదేశీయుల యెదుట పందెమును ముగించి అతడు 21వ స్థానమున నిలిచెను. సరిగా వారము దినములకు, నవంబరు 4వ తేదీన, అబూధాబీలో మరియొక పందెము. ఒక్కొక్క చుట్టు 5.554 కిలోమీటర్లు, మొత్తము 55 చుట్లు.

ఈ కార్లలో హైడ్రాలిక్ వ్యవస్థ యను ఒక ఏర్పాటు కలదు. టైరు మార్చునపుడు లారీని పైకెత్తు నూనె జాకీని విద్యార్థులు చూచియే యుందురు. ఒక మనుష్యుడు చేతితో మీట నొక్కగా టన్నుల బరువు లేచును. మూసియున్న ద్రవము తనపై పడిన ఒత్తిడిని అన్ని దిక్కులకు సమానముగా అందించుటయే ఇందులకు కారణము. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడు పాస్కల్ ఈ సూత్రమును వివరించెను. పందెపు కారులో ఇంజనుచే నడుపబడు పంపు నూనెకు గొప్ప ఒత్తిడి కలిగించును. గేర్లు మారుట, క్లచ్చి పనిచేయుట, స్టీరింగు తేలికగా తిరుగుట ఆ ఒత్తిడిపైననే ఆధారపడియుండును. ఎక్కడనైన ఒక సన్నని గొట్టము కారినను ఒత్తిడి పడిపోవును. దానితో అన్ని పనులును ఒక్కసారిగా చెడును.

ఆనాడు ఏడు చుట్లు ముగిసిన పిమ్మట కార్తికేయన్ కారులో ఈ వ్యవస్థ విఫలమయ్యెను. స్టీరింగు బిగుసుకొనెను. ముందు మలుపు, వెనుక వేగముగా వచ్చుచున్న కారు. తిరుగని స్టీరింగుతో అదే వేగమున మలుపులోనికి పోవుట ప్రాణాపాయము. కావున అతడు వేగమును తగ్గించెను. కాని వెనుక వచ్చుచున్న జర్మనీ వీరుడు నికో రాస్‌బర్గ్‌కు ఆ సంగతి తెలియుటకు మార్గము లేదు. మొదటి చుట్టులో దెబ్బతిని వెనుకబడిన అతడు, పోయిన స్థానమును తిరిగి పొందుటకై త్వరపడుచుండెను. అతని కారు కార్తికేయన్ కారును వెనుకనుండి ఢీకొని, గాలిలోనికి లేచి, దాని మీదుగా ఎగిరి అవతల పడెను. చూచినవారి గుండెలు ఝల్లుమనెను. అదృష్టవశమున ఇరువురును గాయములు లేక బయటపడిరి.

ఫలితముల పట్టిక చూచువారికి ఇరువురును పందెము ముగింపలేదని మాత్రమే తెలియును. పట్టికలోని ఒక్క మాట వెనుక ఎంత కథ యుండునో దీనివలన గ్రహింపవచ్చును. తప్పెవరిది? ఒకడు చెడిన యంత్రముతో చేయవలసిన పనినే చేసెను. రెండవవాడు ఎరుగని ఆపదను తప్పించుకొనలేకపోయెను. లోకములో ప్రతి కీడునకును ఒక దోషి యుండవలెనను నియమము లేదు.

గట్టి కర్బనపు పోగులతో నిర్మించిన కారు గూడు ఆనాడు వారిని కాపాడెను. అయినను చోదకుని శిరస్సుకు పైన రక్షణ లేకుండెను. మరియొక కారు మీదుగా ఎగిరినపుడు కలుగు ముప్పును నివారించుటకై, 2018 నుండి చోదకుని శిరస్సు చుట్టును హాలో అను లోహపు కమ్మి తప్పనిసరి యయ్యెను.

ఆ యేటితో హెచ్.ఆర్.టి. జట్టు ఫార్ములా వన్‌నుండి తొలగెను. కార్తికేయన్ ఆ పందెములకు మరల పోలేదు. కాని జపాను మొదలగు చోట్ల పందెములాడుట మానలేదు. రాస్‌బర్గ్ 2016లో ప్రపంచ విజేతయయ్యెను. గెలుపునకై శ్రమించుట మనుష్యుని చేతిలోనున్నది. యంత్రము నిలుచుట అతని చేతిలో లేదు. నిలిచిన చోట ధైర్యముతో దిగి, మరునాడు మరల సిద్ధపడువాడే నిజమైన వీరుడు.

ప్రశ్నలు

1. హైడ్రాలిక్ వ్యవస్థ పనిచేయు విధమును నూనె జాకీతో పోల్చి వివరింపుము.
2. అబూధాబీ పందెములో కార్తికేయన్ వేగమును ఏల తగ్గించెను? దాని ఫలితమేమి?
3. “ప్రతి కీడునకును ఒక దోషి యుండవలెనను నియమము లేదు” — ఈ వాక్యమును నీ ఊరిలో జరిగిన ఒక సంఘటనతో సమర్థింపుము.