ఒక మందు, కొందఱు విద్యార్థులు

లోకమంతట వ్యాపించిన కష్టము నెదుట విద్యార్థు లేమి చేయఁగలరని మేము తఱచుగా ననుకొనుచుందుము. అమెరికా దేశమందలి యేల్ విశ్వవిద్యాలయమున జరిగిన యొక సంగతి యిందుకు ప్రత్యుత్తరము.

స్టావుడిన్ అను మందు ఎయిడ్స్ వ్యాధిని కలిగించు వైరసును అణఁచునని అచ్చటి ఆచార్యులగు విలియం ప్రుసాఫ్ గారును, వారి సహచరులును కనుఁగొనిరి. దాని పేటెంటు విశ్వవిద్యాలయమునది. అమ్ముకొను హక్కు బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ కంపెనీది. దక్షిణాఫ్రికాలోని బీదరోగులు ఆ వెల నీయలేకుండిరి. 2001వ సంవత్సరమున ఒక అంతర్జాతీయ వైద్యసంఘమువారు అదే మందును చౌకగా తెప్పించుకొనుటకు అనుమతి వేఁడఁగా, కంపెనీతో నున్న ఒప్పందము అడ్డమని విశ్వవిద్యాలయము బదులు చెప్పెను. అంతట న్యాయశాస్త్ర విద్యార్థులు మొదలగువారు ఏకమై సంతకములు కూర్చిరి. ప్రుసాఫ్ గారు వారి పక్షమున నిలిచిరి. ఆ మార్చి నెలలోనే కంపెనీ దక్షిణాఫ్రికాలో పేటెంటు హక్కును చెల్లించుకొనమని ప్రకటించి, వెలను మిగులఁ దగ్గించెను.

దుష్ఫలితములవలన ఆ మందును క్రమముగా విడువవలెనని ప్రపంచారోగ్యసంస్థ 2009లో చెప్పెను. పాఠము మాత్రము నిలిచియున్నది. ఆ విద్యార్థులు లోకమునంతటిని బాగుచేయఁ బూనలేదు. తమ విద్యాలయము చేతిలో నున్నదానినే అడిగిరి. మన చేతిలో నేమున్నదో మనమును వెదకుదము.