కత్తెర పట్టేముందు: ట్రిమ్మింగా, ప్రూనింగా?

పెరట్లో చెట్టు ఏపుగా పెరిగితే ముచ్చటే. అది ప్రహరీ దాటి పక్కింటి డాబా మీద ఆకులు రాల్చడం మొదలుపెట్టాకే తంటా. వీధిలో పోయే మనిషిని పిలిచి "కాస్త కొట్టేయవయ్యా" అంటాం, అతను శుభ్రంగా మోడు చేసి కూలి పుచ్చుకుని వెళ్తాడు, ఆ ఏడాదికి కాపు హుళక్కి. ట్రిమ్మింగ్ క్షవరంలాంటిదైతే, ప్రూనింగ్ పుచ్చిపన్ను పీకించుకోవడం లాంటిది. ఏ చెట్టుకు ఏది కావాలో తెలిస్తే కూలి డబ్బులూ మిగులుతాయి, కాయా దక్కుతుంది.

1. కత్తెర తీసేముందు చెట్టు చుట్టూ ఓసారి తిరగండి. గేటుకు అడ్డొస్తోంది, ఆకారం చెడింది అనుకుంటే ట్రిమ్మింగ్. ఎండుకొమ్మలు, తెగులు, లోపలికి ఎండ దూరనంత గుబురు, కాపు తగ్గడం కనిపిస్తే ప్రూనింగ్.

2. ట్రిమ్మింగ్‌లో చిటికెన వేలి లావు లోపు రెమ్మల కొసలే తీయాలి. దీనికి మనిషి ఎందుకండీ, పొడుగు కత్తెర ఉంటే సాయంత్రం కాఫీ తాగాక మీరే చేసేసుకోవచ్చు.

3. డురంటా, గోరింటాకు కంచెలను వానాకాలంలో నెలకోసారి సవరిస్తే చాలు, గుబురుగా అల్లుకుంటాయి. కింద వెడల్పుగా, పైన కాస్త సన్నగా ఉండేలా కత్తిరించండి; కింది ఆకులకూ ఎండ తగిలి మొదళ్లు బోసిపోవు.

4. ప్రూనింగ్‌లో కొమ్మను మొదలంటా తీసేస్తాం. ఎండినవి, విరిగినవి, తెగులు పట్టినవి ఏ నెలలో తీసినా ఫర్వాలేదు. పచ్చికొమ్మ తీయాలంటే మాత్రం ఆ చెట్టు పూతకాలం చూసుకోవాలి.

5. ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు రెండుంటే బలహీనమైనది తీసేయండి. ఆ రాపిడికి బెరడు లేచిపోయి, అక్కడినుంచే పురుగు దూరుతుంది.

6. నిమ్మచెట్టు మధ్యలోంచి నున్నగా, నిట్టనిలువుగా దూసుకొచ్చే కొమ్మలు చూసి మురిసిపోకండి, అవి నీటికొమ్మలు; తిండి తింటాయి, కాయ ఇవ్వవు. లేతగా ఉండగానే చేత్తో తుంచేస్తే తర్వాత ముళ్లలో చెయ్యి పెట్టి రంపం ఆడించే పని తప్పుతుంది.

7. అంటుమొక్కకు అంటు కట్టినచోటికి కిందనుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు తీసేయండి. వదిలేశారా, డబ్బులు పోసి తెచ్చుకున్న గులాబీ పోయి అడవిగులాబీ మిగులుతుంది.

8. లావు కొమ్మను పైనుంచి ఒక్క ఊపున కోయకండి, సగంలో విరిగి మాను బెరడంతా చీల్చుకుంటూ కింద పడుతుంది. మానుకు జానెడు దూరంలో ముందు కిందివైపునుంచి మూడోవంతు కోయండి, ఆపైన నాలుగు వేళ్లు అవతల పైనుంచి కోయండి. బరువంతా పోయాక మిగిలిన ముక్కను తీరిగ్గా తీసేయొచ్చు.

9. ఆ చివరి కోత ఎక్కడ పెట్టాలన్నదే అసలు పనితనం. కొమ్మ మానుతో కలిసేచోట ముడతలు పడి కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, కళ్లు మూసుకుని తడిమినా చేతికి తెలుస్తుంది. ఆ ఉబ్బును మానుకే వదిలేసి దాని అంచున కోయండి. బెరడు అక్కడినుంచే చుట్టూ పెరిగి గాయాన్ని మూసేస్తుంది. మానుకు సమంగా చెక్కేసినా, జానెడు మొండి వదిలేసినా గాయం మూసుకోక లోపలికి కుళ్లు పాకుతుంది.

10. పెద్ద కోతలకు కుళ్లు పట్టకుండా పూసే బోర్డో పేస్టును ఇంట్లోనే కలుపుకోవచ్చు: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్లు లీటరు. రెండింటినీ విడివిడిగా ప్లాస్టిక్ మగ్గుల్లో కరిగించి, తర్వాత కలిపి అదేరోజు పూసేయండి. ఇనుప గిన్నె వద్దు, పిల్లల చేతికి అందనివ్వొద్దు.

11. చెట్టు పచ్చదనంలో పావువంతుకు మించి ఒక్కసారే తీయొద్దు. మోడు చేస్తే మళ్లీ నాలుగేళ్లు రాదనుకుంటారు గానీ, కంగారుగా నీటికొమ్మలు తోసి ఏడాది తిరక్కుండానే రెట్టింపు పని పెడుతుంది.

12. మామిడికి కాయ కోత అయిన వెంటనే, జూన్, జులైలలో కత్తిరింపులు చేయండి. అప్పుడొచ్చిన చిగుళ్లు ముదిరితేనే సంక్రాంతి రోజులకు పూత. దసరా దాటాక శుభ్రం చేయిద్దామనుకుంటే వచ్చే ఆవకాయకు కాయలు బజారులోనే కొనాలి. సొన పడితే ఒళ్లు పొక్కుతుంది, నిండు చేతుల చొక్కా తొడుక్కోండి.

13. జామకు కొత్త చిగురుమీదే పూత, కాబట్టి దాన్ని కత్తిరించడానికి భయపడక్కర్లేదు. మే, జూన్‌లలో కొసలు జానెడు తీస్తే చలికాలంలో మంచి కాయ దొరుకుతుంది. చెట్టును చెయ్యందే ఎత్తులోనే ఆపితే నిచ్చెనా, దోటీ రెండూ అక్కర్లేదు.

14. మల్లెకు డిసెంబరులో నీళ్లు ఆపి, ఆకులు దూసేసి, మోకాలి ఎత్తుకు కత్తిరించండి. కొన్నాళ్లాగి ఎరువు వేసి నీళ్లు పెడితే వేసవిలో మూర పూలకు బేరమాడే బాధ ఉండదు.

15. గులాబీకి వానలు తగ్గాక, అక్టోబరులో. బయటివైపు చూసే కన్నుకు పావంగుళం పైన ఏటవాలుగా కోయండి, కొత్త కొమ్మ బయటికే వెళ్లి మధ్యలో గాలాడుతుంది.

16. మందారం, కాగితంపూలు ఒక విడత పూసి ఆగగానే కొసలు తీసేయండి. కొత్త రెమ్మలకే మొగ్గలు కనుక అందమూ, పూలూ ఒకే పనిలో అయిపోతాయి.

17. కరివేపాకు కావాలంటే ఆకులు దూయకుండా రెమ్మ కొసను తుంచండి, అక్కడ రెండు మూడు పిలకలు లేస్తాయి. పూత కనిపిస్తే గిల్లేయండి, బలమంతా ఆకుకే పోతుంది.

18. మునగను కాపు అయ్యాక మూడడుగుల ఎత్తుకు కొట్టేయండి, కొత్త కొమ్మల కాయ కిందనుంచే అందుతుంది. ఇంత మొరటు వైద్యం మునగకే చెల్లు, ఇంకే చెట్టు మీదా ప్రయోగించకండి. పెళుసు కొమ్మ, దానిమీదికి ఎవర్నీ ఎక్కనివ్వొద్దు.

19. సపోటాకు ఎండుకొమ్మలు, నేలకు తగిలేవి తీస్తే సరి. కొబ్బరికి ఎండిన మట్టలే లాగాలి. పండక్కి ముందు శుభ్రం పేరుతో పచ్చిమట్టలు కొట్టించారో, కాయ తగ్గుతుంది.

20. బొటనవేలి లావు వరకు చేతి కత్తెర, అది దాటితే మడత రంపం. కత్తితో నరికితే కొమ్మ చీలుతుంది. ఒక చెట్టునుంచి ఇంకోదానికి వెళ్లేముందు స్పిరిట్‌తో తుడిస్తే తెగులు అంటుకోదు.

21. మనిషిని పెట్టుకుంటే "కొట్టు" అనకండి. తీయాల్సిన కొమ్మలకు ముందే పాత చీర పీలికలు కట్టి "ఇవి మాత్రమే" అని చూపించండి, చెత్త ఎత్తివేత కూడా కూలిలోనే కలిపి మాట్లాడుకోండి.

22. కరెంటు తీగలకు దగ్గరున్న కొమ్మను మీరూ ముట్టుకోకండి, కూలీనీ ముట్టుకోనివ్వకండి. కరెంటు ఆఫీసుకు చెప్పి, లైన్‌మన్ సరఫరా ఆపాకే పని.

23. కొమ్మలు సరే, చెట్టే తీసేయాలనుకుంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉందని మరవకండి. అనుమతి సంగతి ముందే కనుక్కుంటే జరిమానా తప్పుతుంది.

24. తీసిన కొమ్మలు పారేయకండి: మునగది చేతి లావు ముక్క నాటితే బతుకుతుంది, సన్నటి పుల్లలు చిక్కుడు పాదుకు ఊతం, ఆకులు ఎరువు గుంటకు. తెగులు పట్టినవి మాత్రం ఆ గుంటలో వేయకుండా వేరుగా బయటికి పంపేయండి.