డబ్బాలో బఠాణీ రంగు ఎందుకు మారుతుంది?

పోటీ పరీక్షల ప్రత్యేకం - జనరల్ సైన్స్

పచ్చి బఠాణీ, బీన్స్ వంటి కూరగాయల రంగుకు కారణం పత్రహరితం (క్లోరోఫిల్). దీని అణువు మధ్యలో ఉండే లోహం మెగ్నీషియం. డబ్బాలో నిల్వ చేయడానికి కూరగాయను వేడిచేస్తే కణాల్లోని ఆమ్లాలు బయటపడతాయి. మెగ్నీషియం స్థానంలో హైడ్రోజన్ చేరి, పత్రహరితం ఫియోఫైటిన్‌గా మారుతుంది. దీని రంగు గోధుమ కలిసిన ఆలివ్ ఆకుపచ్చ.

వేడి తగ్గిస్తే సరిపోదా?

కుదరదు. ఈ కూరగాయల పీహెచ్ 4.6 కన్నా ఎక్కువ, అంటే బ్యాక్టీరియాను అడ్డుకునేంత ఆమ్లత్వం వీటిలో లేదు. క్లోస్ట్రీడియం బొట్యులినం బ్యాక్టీరియా సిద్ధబీజాలను చంపాలంటే ఆవిరి పీడనంలో దాదాపు 121 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం.

రంగు నిలిపే మార్గాలు

- బ్లాంచింగ్: వేడినీటిలో లేదా ఆవిరిలో కొద్దిసేపు ఉంచితే రంగును చెడగొట్టే ఎంజైమ్‌లు నిర్వీర్యమవుతాయి.
- క్షారాలు: వంటసోడా, మెగ్నీషియం కార్బొనేట్ ఆమ్లాన్ని తటస్థీకరిస్తాయి. మోతాదు మించితే కూరగాయ మెత్తబడుతుంది. సి, బి1 విటమిన్లు నశిస్తాయి.
- జింక్ లవణాలు: మెగ్నీషియం పోయిన చోట జింక్ చేరి, వేడికి తట్టుకునే ఆకుపచ్చ సమ్మేళనం ఏర్పడుతుంది.
- అధిక ఉష్ణోగ్రత, తక్కువ సమయం: రంగు నష్టం తక్కువే, నిల్వలో మాత్రం క్రమంగా వెలుస్తుంది.

19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బఠాణీ రంగు కోసం కాపర్ సల్ఫేట్ (మైలుతుత్తం) వాడేవారు.

బిట్స్

1. పత్రహరితంలోని లోహం? - మెగ్నీషియం
2. హీమోగ్లోబిన్‌లోని లోహం? - ఇనుము
3. పత్రహరితంపై పరిశోధనకు 1915లో రసాయనశాస్త్ర నోబెల్ పొందినవారు? - రిచర్డ్ విల్‌స్టాటర్
4. ఫియోఫైటిన్‌లో లేని లోహం? - మెగ్నీషియం