కంప్యూటరు సరుకును, గోదాములును

కాల్హేరులో కాపురముండు మనకు గోదామనగా నేమో ఒకరు చెప్పవలసిన పని లేదు. ఠాణా దిక్కునుండి కశేళీ వంతెన దాటినది మొదలు భివండి చేరువరకు దారికి రెండు ప్రక్కలను రేకుల కప్పులే కనబడును. దేశములోని నానా మూలల సరుకు లారీలలో వచ్చి యిచట దిగును. ఇచటినుండి ముంబయి మొదలగు నగరముల అంగళ్లకు పోవును. నేటి పాఠమున మేము చెప్పబూనినది మాత్రము రేకుల కప్పు లేని, కంటికి గానరాని గోదాములను గూర్చి. మన పాఠశాల కంప్యూటర్లు తమకు కావలసిన సాఫ్ట్‌వేరును తెచ్చుకొనునది అట్టి గోదాములనుండియే. వానిని నడపు విధము సరిగా తెలియక మేమొకసారి చిక్కుబడితిమి. ఆ కథ చెప్పక పాఠము మాత్రమే చెప్పిన మీకు తలకెక్కదు గావున రెంటిని కలిపి చెప్పుచున్నాము.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థవారు తమ సామాన్య సహాయమును నిలిపివేసిరి. తరువాతిదగు విండోస్ 11 పాత యంత్రములలో పెక్కింటిపై ఎక్కదు. అందుచేత కార్యాలయములలో చెడకయే మూలబడిన కంప్యూటర్లు కొన్ని దాతల మూలమున మన పాఠశాలకు చేరినవి. వానిపై మేము లినక్సును ఎక్కించితిమి. ఫిన్లాండు దేశమున విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన దీనికి వెల లేదు. దీని లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు ‘స్వేచ్ఛ’ సంస్థవారు ఇట్టి వ్యవస్థనే తెలుగు తెరలతో రూపొందించిరి. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు తీర్చిన పోతన, వేమన అను ఫాంట్లు తెలుగు లినక్సు వాడుకరులకు చిరపరిచితములు.

లినక్సు ఒకే రూపమున దొరకదు. వేర్వేరు బృందములవారు దానిని వేర్వేరు మూటలుగా కట్టి పంచుదురు. ఆ మూటలలో రెండు తెగలు కలవు. మొదటి తెగ తానులుగా తెగునది. ఉబుంటులో రెండేండ్లకొకమారు వెలువడు దీర్ఘకాలపు కూర్పు ఇట్టిది. తాను కోసి మడత పెట్టిన పిదప దాని నేత మారదు. చిరుగు పడినచోట కుట్టు వేయుదురు, అంతే. కేరళ ప్రభుత్వ పాఠశాలలలోని లినక్సు ఉబుంటు పైననే ఆధారపడినది. రెండవ తెగకు కోత లేదు, మగ్గము ఆగదు. క్రొత్త సరుకు సిద్ధమైనకొలది వచ్చి చేరుచునే యుండును. ఆర్చ్ లినక్సును, ఓపెన్‌సూసే వారి టంబుల్వీడును ఈ తెగలోనివి. టంబుల్వీడనగా గాలికి వ్రేళ్లనుండి విడివడి దొర్లుచు పోవు ఎండుపొద పేరు. ఇది 2014 నవంబరులో నేటి రూపమును దాల్చినది. మన గదిలోని రెండు యంత్రములపై నున్నది ఇదియే.

ఈ రెండవ తెగ నడక నేతగాని బిడ్డలకు తేటగా తెలియును. మగ్గముపై పడుగు అయిపోవచ్చినపుడు పాత పోగుల కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ముడివేయుదురు గదా! దీనినే మనవారు అచ్చు అతుకుట యందురు. మగ్గమును విప్పరు. పాత పోగు ముందుకు సాగుచు, తనకు ముడిపడిన క్రొత్త పోగును వెంట తెచ్చుకొనును. అయితే వేల పోగులలో సగమునకు ముడివేసి, తక్కిన సగమును వదలి మగ్గము నడిపినచో ఏమగును? ఇంటికి పోయి మీ తండ్రుల నడుగుడు. మేము చెప్పుటకంటె వారు బాగుగా చెప్పగలరు.

ఇక గోదాము మాట. కంప్యూటరు భాషలో దీనిని రిపాజిటరీ యందురు. ఇందు సరుకు మూటలును, వాని జాబితాయును, ప్రతి జాబితాపై పంపినవారి ముద్రయు నుండును. ఏ మూటకు తోడుగా ఏ మూట కావలెనో కూడ జాబితాలో వ్రాసి యుండును. నలువది నంబరు నూలు పడుగునకు దానికి తగిన పన్నెయే కావలెను. అట్లే వ్రాత పనిచేయు సాఫ్ట్‌వేరునకు అక్షరములను సంబాళించు భాగము, అదియును తగిన కూర్పు, కావలెను. దీనిని ఆధారమందురు. ఒకే సరుకును నిలువ చేయు శాఖా గోదాములు ప్రపంచమంతట నున్నవి. దగ్గరి శాఖనుండి సరుకు త్వరగా వచ్చును.

టంబుల్వీడులో గోదాము గుమాస్తా పని చేయునది జిప్పర్ అను సాధనము. దానికి ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్న అక్షరములతో టైపు చేయవలెను. ‘జిప్పర్ ఎల్ఆర్’ అనిన, మన యంత్రము ఏయే గోదాములతో లావాదేవీ పెట్టుకొన్నదో పట్టీ చూపును. ‘జిప్పర్ రెఫ్’ అనిన జాబితాలను క్రొత్తగా తెచ్చుకొనును. ‘ఏఆర్’ గోదామును చేర్చును, ‘ఆర్ఆర్’ తొలగించును. ‘ఎమ్ఆర్’ అనునది మిక్కిలి ఉపయోగకారి. దీనితో ఒక గోదామును పట్టీలో నుంచియే తాత్కాలికముగా మూసివేయవచ్చును. పనికిరాదనిపించిన గోదామును వెంటనే తుడిచివేయుటకంటె కొన్నాళ్లు మూసియుంచుట మేలని మా అనుభవము.

అన్ని పోగులను ఒకేసారి అతుకు ఆజ్ఞ ‘జిప్పర్ డప్’. టంబుల్వీడులో వాడదగినది ఇదియే. ‘అప్’ అను పొట్టి ఆజ్ఞ వేరొకటి యున్నది. అది తానుల తెగకు తగినదే కాని మనకు కాదు. ఒక్క అక్షరము భేదమే గదా యని అనుకొనరాదు.

ఒకే మూట రెండు గోదాములలో నున్నచో గుమాస్తా దేనిని తెచ్చును? ప్రతి గోదామునకు ఒక ప్రాధాన్య సంఖ్య కలదు. మనమేమియు చెప్పనిచో అది 99. సంఖ్య ఎంత చిన్నదైన గోదామునకు అంత పెద్దపీట. ఇది పరీక్షలో మార్కు వంటిది కాదు, ర్యాంకు వంటిదని గుర్తుంచుకొనుడు. చిన్న సంఖ్య గల గోదాములో పాత కూర్పే యున్నను గుమాస్తా దానినే కోరుకొనును. మరియు, పంపినవారి పేరును గూడ అతడు చూచును. ఒకరి సరుకు స్థానమున మరియొకరి సరుకును మన అనుమతి లేక మార్చడు. మంచి గుమాస్తా లక్షణమే యిది.

ఇప్పుడు మా కథ. వీడియో పాఠములు చూపుటకై మేము ప్యాక్‌మన్ అను బయటి గోదామును పట్టీలో చేర్చితిమి. పేటెంటు చిక్కులవలన అధికార గోదాములో నుంచుటకు వీలుకాని భాగములు అచట దొరకును. దానికి 90 సంఖ్య నిచ్చి, మీసా అను భాగమును గూడ అచటి సరుకుతో మార్చుటకు అనుమతించితిమి. మీసా యనగా తెరపై బొమ్మలను గీయించునది. కొన్ని నెలలు అంతయు సవ్యముగా జరిగినది. కాని అధికార గోదాము ముందుకు సాగినపుడు బయటి గోదాము దానిననుసరించి తన సరుకును మరల తయారు చేసుకొనవలెను. ఆ నడుమ ఒకటి రెండు దినములు ఎడము పడుచుండును. ఆ ఎడములోనే పదవ తరగతి విద్యార్థి యొకడు, మా అనుమతితోనే, శనివారము సాయంకాలము ‘డప్’ నడిపెను. మేము ప్రక్క గదిలో ఈ పత్రిక ప్రూఫులు దిద్దుచుంటిమి.

గుమాస్తా ఆగి ప్రశ్న అడిగినది. ఇట్టి సమయమున సాధారణముగా మూడు మార్గములు చూపును: పాత మూటనే యుంచుకొనుట, మూటను తీసివేయుట, ఆధారములను పట్టించుకొనక మూటను విరిచి పెట్టుట. ఇవన్నియు ఇంగ్లీషులోనే యుండెను. బాలుడు తెలుగులో చదివినవాడు. ఇంట తెలుగు, వీధిలో హిందీ, కార్యాలయములలో మరాఠీ. ఇంగ్లీషు వాక్యము తుదవరకు చదువుటకు వానికి ధైర్యము చాలలేదు. చివరి మార్గమే చివరి మాటయని తలచి 3 నొక్కెను. మరల అడిగినది, మరల 3 నొక్కెను. సోమవారము యంత్రమును తెరవగా నల్లని తెరపై తెల్లని అక్షరములు తప్ప మరేమియు రాలేదు. సగము పోగులు క్రొత్తవి, సగము పాతవి! పత్రికకై పిల్లలు టైపు చేసిన వ్యాసములన్నియు అందులోనే యుండెను.

ఆ సాయంకాలము వాని తండ్రి మగ్గము పనిబట్టలతోనే బడికి వచ్చెను. “సారూ, మా పోరడు మిషిని కరాబు చేసిండట. ఎంతయితదో చెప్పుండ్రి, పగారలకెల్లి కోసి ఇస్త. వాని చదువు మాత్రం ఆపకుండ్రి” అనెను. ఆ మాట విని మేము సిగ్గుపడితిమి. తప్పు బాలునిది కాదు. గుమాస్తా ప్రశ్న వేసినపుడు ఏమి చేయవలెనో మేము వానికి చెప్పియే యుండలేదు. ఆ ప్రశ్న చివర కుండలీకరణములలో ‘సి’ అను అక్షరముండును. ఏమియు నొక్కక ఎంటర్ మీట నొక్కిన చాలును, పని రద్దగును, యంత్రము ఉన్నదున్నట్లుండును. ఈ ఒక్క ముక్క చెప్పుటకు నిమిషము పట్టదు. మేము తీరిక చేసికొనలేదు.

నష్టము మాత్రము కలుగలేదు. టంబుల్వీడు సాధారణముగా బిటిఆర్‌ఎఫ్‌ఎస్ అను నిలువ పద్ధతిపై నడచును. జిప్పర్ మార్పు చేయు ప్రతిసారి ముందొకటి, వెనుకొకటి చొప్పున స్నాపర్ అను సాధనము వ్యవస్థ రూపమును భద్రపరచును. తండ్రిని, కుమారుని ఎదుట కూర్చుండబెట్టుకొని యంత్రమును తెరచునపుడు వచ్చు పట్టికలో పాత రూపములను చూపు వరుసను ఎంచితిమి. శనివారము మార్పునకు ముందటి రూపమును ఎన్నుకొనగనే తెర యథాప్రకారము వెలిగెను. పిదప ‘స్నాపర్ రోల్‌బ్యాక్’ అని ఆజ్ఞ యిచ్చి, యంత్రమును మరల తెరచితిమి. వాడుకరుల వ్రాతలుండు గది ఈ వెనుకడుగులో చేరదు. కావున వ్యాసములలో ఒక్క అక్షరమైనను పోలేదు. అయినను ఒక హెచ్చరిక. ఈ భద్రపరచుట నకలు తీసి దాచుట కాదు. డిస్కే చెడినచో రెండును పోవును. వ్యాసములను పెన్‌డ్రైవులోను దాచుట ఆ వారమునుండియే మొదలిడితిమి.

మన గదిలోనిది చిన్న పొరపాటు. లోకమును భయపెట్టినది మరియొకటి కలదు. ఎక్స్‌జెడ్ అను సాఫ్ట్‌వేరు దస్త్రములను చిన్నవిగా నొక్కి పెట్టునది. లినక్సు యంత్రములలో సర్వత్ర ఉండును. జియా టాన్ అను పేరుతో నొకరు రెండేండ్లకు పైగా దాని పనిలో తోడ్పడి, నమ్మకము సంపాదించి, 2024 ఫిబ్రవరి, మార్చి మాసములలో వెలువడిన 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగదారిని దాచి పెట్టిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రములోనికి దూరమునుండి ప్రవేశించుటకు అర సెకను ఎక్కువ పట్టుచున్నదేమని అనుమానించి, తీగ లాగి, 2024 మార్చి 29న లోకమునకు వెల్లడించెను. టంబుల్వీడులో ఆ సరుకు మార్చి 7 నుండి 28 వరకు ఉండెను. 28న దానిని వెనుకకు త్రిప్పి 5.4 కూర్పును పెట్టిరి. తానుల తెగవగు డెబియన్ స్థిర కూర్పునకు అది చేరనే లేదు. ఆగని మగ్గమునకు మేలు ముందుగా వచ్చును; కీడును ముందుగానే వచ్చును. మరియు ఆ మూటలపై ముద్ర సరిగానే యుండెను. ముద్ర సరుకు పంపినవారెవరో చెప్పును గాని లోపల పురుగున్నదో లేదో చెప్పదు.

అట్లైన పాఠశాలకు ఈ తెగ ఎందుకని తల్లిదండ్రులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పరీక్ష దరఖాస్తులు నింపు యంత్రమునకు, కార్యాలయపు యంత్రమునకు మేము దీర్ఘకాలపు ఉబుంటునే యుంచితిమి. టంబుల్వీడు నేర్చుకొను రెండు యంత్రములకే పరిమితము. విప్పి చూచినగాని మగ్గము పని రాదు. అట్లని జీతమిచ్చు మగ్గమును విప్పరు గదా!

ఇప్పుడు ఆ రెండు యంత్రముల భారము ఆ బాలునిదే. పరీక్షల వారమునను, పత్రిక అచ్చు వారమునను ‘డప్’ నడుపరాదని కట్టడి చేసితిమి. తక్కిన శనివారములలో వాడు ముందుగా గోదాముల పట్టీ చూచును, జాబితాలను తెప్పించును, పిదప ‘డప్’ అని, వచ్చిన ప్రతి వాక్యమును బిగ్గరగా చదివి ప్రక్కవానికి తెలుగులో చెప్పును. ఆ మూడు మార్గముల ఇంగ్లీషు వాక్యములకు వాడే తెలుగు చేసి, అట్టపై వ్రాసి తెర ప్రక్కన అంటించెను. ఒక రిజిష్టరును గూడ పెట్టెను. అందు తేది, టంబుల్వీడు కూర్పు సంఖ్య, గుమాస్తా అడిగినది, తాను చెప్పినది వ్రాయును. కూర్పు సంఖ్య సంవత్సరము, నెల, దినములను వరుసగా పేర్చిన ఎనిమిది అంకెలే గావున చిన్న తరగతి పిల్లలును చదువగలరు.

పోయిన శనివారపు పుటలో వాని చేవ్రాతతో ఇట్లున్నది: “ప్యాక్‌మన్ సరుకు ఇంకా రాలేదు. మూడు మార్గాలు చూపింది. సి నొక్కినాను. వచ్చే శనివారం చూడాలి.”