పట్టిక చెప్పని సంగతి

ఐరాల

అమ్మణ్ణీ,

కంటి పరీక్షల కోర్సులో చేరినావు, సంతోషం. ఆఖరి వరస దాకా తప్పు లేకుండా చదివినవాళ్లకి కూడా చుక్కల మందు వేసి ఇంకో గంట కూర్చోబెట్టడం దేనికని అడిగినావు. పట్టిక చూపుని కొలుస్తుంది, కంటిని కాదు, అందుకే కూర్చోబెడతారు. ఆ పట్టికని 1862లో హాలెండులో స్నెలెన్ అనే డాక్టరు తయారుచేసినాడు. 6/18 అంటే, మంచి చూపున్న మనిషి 18 మీటర్ల నుంచి చదవగలిగిన అక్షరాన్ని పరీక్షకొచ్చినాయన 6 మీటర్ల దగ్గరికొస్తే తప్ప చదవలేడని. చూపు ఎంత తగ్గిందో ఆ అంకె చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. ఆ ఎందుకు కోసమే నీ చేతికి నల్ల బిళ్ల ఒకటి ఇస్తారు, నడుమ మిల్లీమీటరుకి కాస్త పైగా ఉండే చిల్లితో. పైవరసలోనే ఆగిపోయినాయన ఆ చిల్లిలోంచి చూసి ఇంకో రెండు వరసలు కిందికి దిగినాడంటే, అద్దాలతో సరిపోయే లోపమే అయ్యుండొచ్చు. దిగలేదంటే శుక్లమో, రెటీనానో, నరమో, లోపలికి చూడాల్సిందే. ఆ బిళ్లని పక్కన పెట్టేసి అద్దాల నంబరు వెతకబోకు.

ఇక అంతా చదివేసినవాళ్ల సంగతి. అక్షరాలు చదవడానికి పనికొచ్చేది రెటీనా నట్టనడుమ ఉండే మాక్యులా అనే చిన్న చోటు. నీటికాసులు, అదే గ్లకోమా, చాలామందిలో పక్కచూపుని ముందు తింటుంది. పక్క రైతు ఏటా గట్టుని జానెడు జరుపుకుంటూ వస్తుంటే చేను నడుమ నిలబడిన ఆసామికి తెలిసిరానట్టే, ఈ నష్టమూ మనిషికి తెలీదు. ఒక కంట్లో పోయింది రెండో కన్ను కప్పేస్తుంది. కంటి నరంలో ఉండే పది పన్నెండు లక్షల పోగుల్లో చచ్చిపోయినవి తిరిగి రావు. మందుతోనో లేజర్‌తోనో ఆపరేషన్‌తోనో మిగిలిన చూపుని నిలబెట్టుకోవాలంతే. ఇది పుస్తకాల భయం కాదు. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు మన ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించినారు. అందులో హైదరాబాదులో, ఎక్కువగా కనబడే ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఉందని తేలినవాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా ఆ జబ్బు తమకుందని అప్పటిదాకా తెలీనే తెలీదు. ఆస్పత్రులున్న పట్నం మాట అది! కంటి ఒత్తిడి కొలిస్తే చాలదా అంటావేమో. మామూలుగా అది 10కీ 21 మిల్లీమీటర్ల పాదరసానికీ నడుమ ఉంటుంది. ఆ లెక్కలోనే ఉంటూ నరం దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. నరం తలని కళ్లారా చూడాలి, నడుమ గుంట ఎంత పెరిగిందో గమనించాలి. షుగరు కూడా ఇట్లాంటిదే: రెటీనాలో రక్తపు చుక్కలు కనబడుతున్నా, మాక్యులా దాకా జబ్బు రాలేదంటే మనిషి 6/6 చదివేస్తాడు. లేజర్ బాగా పనిచేసే అదను కూడా చాలావరకు అప్పుడే.

దీనికి ఎదురుమాటలు లేకపోలేదు. కంటి శిబిరానికి వందల మంది వస్తారు, చూపు తగ్గడానికి పెద్ద కారణాలు శుక్లమూ అద్దాల లోపమూ, ఆ రెండింటినీ పట్టికే పట్టిస్తుంది కదా అంటారు. నిజమే. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగు అనే సర్కారు పథకం ముందు బడిపిల్లల్ని చూసిందంటే అది సరైన పనే. పిల్లలకి అద్దాలే పెద్ద అవసరం. నేను పట్టికని తీసెయ్యమనడం లేదు, అక్కడే ఆగొద్దంటున్నా. నలభై దాటినవాళ్లు, షుగరున్నవాళ్లు, ఇంట్లో నీటికాసులున్నవాళ్లు, మైనస్ నంబరు పెద్దగా ఉన్నవాళ్లు పట్టిక నెగ్గినా లోపలి పరీక్షకి పోవాల్సిందే. లోపల చూడ్డానికి పాపని పెద్దది చేసే చుక్కలేస్తే ఆ పూట కూలి పోతుందన్న మాటని మాత్రం తేలిగ్గా తీసుకోబోకు. కొన్ని గంటలపాటు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండకి కళ్లు తెరవలేరు, బండి నడపకూడదు. చెరుకు గానుగ ఆడే రోజుల్లో బెల్లం వండే మనిషిని ఊరికే రమ్మంటే వస్తాడా? రోజు ముందే చెప్పాలి, తోడు ఒకరిని తెచ్చుకోమనాలి. చుక్కలు అందరికీ ఒకటే అనుకోవద్దు కూడా. కంటి ముందుగది ఇరుకుగా ఉన్నవాళ్లకి పాప పెద్దదైతే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకవచ్చు. టార్చి పక్కనుంచి వేసి చూసి, అనుమానముంటే డాక్టరుని అడక్కుండా సీసా మూత తీయబోకు.

చీటీ సంగతి ఒకటి మిగిలింది. 6/6 అని రాసిచ్చిన కాగితాన్ని మనవాళ్లు కళ్లు బాగున్నాయనే హామీగా బీరువాలో దాచుకుంటారు, ఏళ్ల తరబడి మళ్లీ ఆస్పత్రి గడప తొక్కరు. కాబట్టి ఆ అంకె కింద ఇంకో వరస నువ్వే తెలుగులో రాయి: లోపల నరం, రెటీనా చూసినారా లేదా, చూడకపోతే ఎప్పటిలోగా చూపించుకోవాలి అని. చదవడం రానివాళ్లయితే వెంట వచ్చినవాళ్లకి అదే మాట గట్టిగా చదివి వినిపించు.

ఇట్లు,
నీ పెదనాయన