నల్లబంగారు నేల – రామగుండం

ఉద్దేశం: కోటల చుట్టూ, ఆలయాల చుట్టూ, ఓడరేవుల చుట్టూ వెలసిన నగరాలను గురించి విద్యార్థులు చరిత్ర పాఠాలలో చదివే ఉంటారు. గనుల చుట్టూ వెలసిన ఒక నగరపు పూర్వచరిత్రను, అక్కడ చూడదగిన స్థలాలను, దాని పరిపాలనా విధానాన్ని తెలియజేయటం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

ఓరుగల్లుకు కోట ఉంది. మచిలీపట్నానికి రేవు ఉంది. తిరుపతికి కొండ ఉంది. ఆయా నగరాలకు వెళ్ళినవారు ముందుగా వాటినే చూస్తారు; నగరం వాటి చుట్టూ వలయాలు వలయాలుగా విస్తరించినట్లు తెలిసిపోతుంది. రామగుండానికి అటువంటి కేంద్రం లేదు. రైలు స్టేషను ఒకచోట, అంగళ్ళు కిక్కిరిసిన గోదావరిఖని మరొకచోట, విద్యుత్ సంస్థ ఉద్యోగులు నివసించే జ్యోతినగర్ వేరొకచోట, ఎరువుల కర్మాగారపు కాలనీ ఇంకొకచోట. వీటి నడుమ గనులు, రైలు పట్టాలు, మట్టిగుట్టలు, బూడిద చెరువులు. ఇవన్నీ కలిసి ఒకే నగరం. తెలంగాణ రాష్ట్రం పెద్దపల్లి జిల్లాలో గోదావరి కుడి గట్టున ఉన్న ఈ నగరంలో 2011 జనాభా లెక్కల నాటికి రెండు లక్షలకు పైగా ప్రజలు నివసిస్తున్నారు.

ముందుగా పేరును గమనించాలి. తెలుగులో గుండం అనే మాటకు రెండర్థాలున్నాయి: నీరు నిలిచిన మడుగు ఒకటి, నిప్పులు రగిలే గుంట మరొకటి. రామగుండం గుట్టపైన రాతిలో ఏర్పడిన నీటి మడుగులను ప్రజలు రాముని గుండాలంటారు. వనవాస కాలంలో సీతారామలక్ష్మణులు ఇక్కడ విడిది చేశారని స్థలపురాణం. కాబట్టి ఊరి పేరులోని గుండం నీటి గుండమే. అయినా ఈ ఊరిని ఎరిగినవారికి రెండో అర్థమే ముందుగా స్ఫురిస్తుందంటే అతిశయోక్తి కాదు. వేసవిలో తెలంగాణలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో రామగుండం ఒకటి. ఇక గోదావరిఖని పేరుకు వ్యాఖ్యానమే అక్కరలేదు. నది పేరు, గని పేరు కలిసి ఊరి పేరయింది. స్థానికులు దానిని కూడా కుదించి ‘ఖని’ అని మాత్రమే అంటారు.

బొగ్గు దొరికేదాకా ఇది చరిత్ర లేని అడవి అనుకోవటం పొరపాటు. ఇదే గోదావరి తీరాన ఎగువన ఉన్న కోటిలింగాలలో తొలి శాతవాహన రాజుల నాణేలు లభించాయి. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో బౌద్ధస్తూపం బయల్పడింది. గోదావరిఖనికి కొద్ది దూరంలోని రామగిరి కొండపై ప్రాచీన దుర్గం ఉంది. కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడు నివసించిన రామగిరి ఇదేనని స్థానికులు గర్వంగా చెప్పుకుంటారు. పండితులలో ఎక్కువమంది ఆ రామగిరి నాగపూరు సమీపాన ఉన్న రాంటెక్ అని భావిస్తారు. కాళిదాసు సంగతి ఎలా ఉన్నా, తెలుగు సాహిత్యంలో ఈ రామగిరికి నిజమైన స్థానమే ఉంది. రామగిరిని ఏలిన ముప్పభూపాలుని మంత్రి కందనామాత్యుడు. ఆయనకు 15వ శతాబ్ది కవి మడికి సింగన పద్మపురాణోత్తరఖండాన్ని అంకితం చేశాడు. ఈ సింగనయే సకలనీతిసమ్మతమనే సంకలన గ్రంథాన్ని కూర్చాడు. రాజు ఎలా పాలించాలి, మంత్రి ఎలా మెలగాలి, సేవకుడెలా నడుచుకోవాలి అనే విషయాలపై పూర్వకవుల పద్యాలను ఒకచోట చేర్చిన గ్రంథమిది. మూలగ్రంథాలు నశించినా కొన్ని పద్యాలు ఈ సంకలనం వల్లనే మనకు దక్కాయి. రాజనీతిని కూర్చిన ఆ కవికి సంబంధించిన నేలపై నేడు పరిపాలన ఎంత చిక్కుగా ఉన్నదో ఈ పాఠంలోనే ముందు చూస్తాం.

ప్రాణహిత–గోదావరి లోయలో బొగ్గు ఏర్పడి సుమారు 25 కోట్ల సంవత్సరాలకు పైబడింది. నాటి అడవులు బురదలో కూరుకుపోయి, పైన పేరుకున్న పొరల బరువుకూ వేడికీ క్రమంగా బొగ్గుగా మారాయి. ఈ బొగ్గు మొదట బయటపడింది రామగుండంలో కాదు. భద్రాచలం వెళ్ళే యాత్రికులు ఇల్లెందు ప్రాంతంలో వంటకోసం పొయ్యి పేర్చితే ఆ రాళ్ళే అంటుకున్నాయని ఒక కథ ప్రచారంలో ఉంది. 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ అక్కడి బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండులో ఏర్పడి గనుల హక్కులు పొందింది. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు వచ్చింది. ఖమ్మం ప్రాంతంలోని ఒక చిన్న గ్రామం పేరు ఈ విధంగా గోదావరి లోయ అంతటికీ పరిచితమైంది. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీలో అధికభాగం వాటాలను కొన్నది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటాలున్నాయి.

కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తికావటంతో ఉత్తర దక్షిణ భారతాలను కలిపే ప్రధానమార్గంపై రామగుండం ఒక స్టేషను అయింది. ఎంత బొగ్గు ఉన్నా దానిని తరలించే రైలు లేకపోతే అది రాయితో సమానం. 1960 ప్రాంతంలో ఇక్కడ గనులు తెరుచుకున్నాయి. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్, ఖమ్మం పల్లెల నుంచే కాక కోస్తా జిల్లాల నుంచి, ఉత్తర భారతం నుంచి కూడా కూలీలు వచ్చారు. గనికి ఏటవాలుగా దిగే మార్గాన్ని ఇంక్లైన్ అంటారు. అందువల్ల ఇక్కడి పేటలకు దేవుళ్ళ పేర్లకు బదులు గనుల సంఖ్యలు వచ్చాయి. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ అటువంటిదే. కార్మికుల నోట గని ‘బాయి’ అవుతుంది. పొలంలో నీటికోసం తవ్వినదీ బాయే, బొగ్గుకోసం తవ్వినదీ బాయే. వ్యవసాయం విడిచివచ్చినవాడు తన భాషను విడిచిరాలేదని ఈ ఒక్క మాట చెబుతుంది. తొలినాళ్ళలో తట్టా చెమ్మస్‌లతో బొగ్గును ఎత్తి తొట్లలో నింపేవారు. తరువాత యంత్రాలు వచ్చాయి. ఈ ప్రాంతపు జీవితాన్ని తెలుగు కథలోకి, నవలలోకి తెచ్చినవారిలో అల్లం రాజయ్య ప్రముఖులు.

భూగర్భంలో పని ప్రాణాలతో కూడుకున్నది. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడవ ఎల్.ఇ.పి. గనిలో ఒక్కసారిగా నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. దీపం వెలిగించే ప్రతి ఇంటికీ ఈ మరణాలతో సంబంధం ఉంది.

ఎందుకంటే ఇక్కడి బొగ్గు ఎక్కువగా ఇక్కడే విద్యుత్తుగా మారుతుంది. 62.5 మెగావాట్ల బి–థర్మల్ కేంద్రం 1971లో ఉత్పత్తి ప్రారంభించి, ఐదు దశాబ్దాలకు పైగా పనిచేసి, 2024లో మూతపడింది. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రానికి 1978 నవంబరు 14న నాటి ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి యూనిట్ వెలిగింది. క్రమంగా ఏడు యూనిట్లతో సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. ఇక్కడి విద్యుత్తులో దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ వాటా ఉంది. 1961 దాకా పోర్చుగీసువారు ఏలిన గోవాకు కూడా ఉంది. దాని పక్కనే వెలసిన తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లు 2023, 2024 సంవత్సరాలలో జాతికి అంకితమయ్యాయి.

చూడదగిన స్థలాలను చెప్పవలసివస్తే రాముని గుండాలు, రామగిరి దుర్గం, గోదావరి తీరం ముందుగా వస్తాయి. రెండేళ్ళకొకసారి గోదావరిఖని వద్ద నది ఒడ్డున జరిగే సమ్మక్క–సారలమ్మ జాతరకు, మేడారం వెళ్ళలేని కార్మిక కుటుంబాలు బెల్లంతో తరలివస్తాయి. బెల్లాన్నే ఇక్కడ బంగారమంటారు. బొగ్గు నల్లబంగారం, బెల్లం బంగారం అయిన ఊరు ఇది. ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం ఉంది. దాని నిల్వ సామర్థ్యం 20 టి.ఎం.సి.లకు పైమాటే. హైదరాబాదు నగరానికి గోదావరి జలాలు ఇక్కడి నుంచే వెళ్తాయి. 2022లో విద్యుత్ కేంద్రపు జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌరఫలకాలను అమర్చారు. బొగ్గును మండించే పొగగొట్టాల నీడలోనే సూర్యకాంతి విద్యుత్తుగా మారే ఈ దృశ్యం కోటలను చూసే కుతూహలంతో వచ్చినవారిని కూడా నిలబెట్టివేస్తుంది. ఓపెన్‌కాస్ట్ గని మాత్రం వేరు. బొగ్గుపొర కనిపించేదాకా నేలనంతా తొలగించి, తీసిన మట్టిని పక్కన పోస్తే కొత్త గుట్టలు లేస్తాయి. ఆ గుట్టల కింద పొలాలుంటాయి. కొన్నిచోట్ల ఊళ్ళూ ఉంటాయి.

ఇక పరిపాలన. రామగుండం మొదట నోటిఫైడ్ ఏరియా కమిటీగా, తరువాత పురపాలక సంఘంగా ఉండి, 2009లో నగరపాలక సంస్థ అయింది. 2020 జనవరిలో 50 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. మేయరు ప్రజాప్రతినిధి, కమిషనరు ప్రభుత్వాధికారి. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి జిల్లా వేరుపడింది. నగరం పెద్దదైనా జిల్లా కేంద్రం పెద్దపల్లే. కలెక్టరు కార్యాలయం అక్కడే ఉంటుంది. అయితే అదే సంవత్సరం ఏర్పడిన పోలీసు కమిషనరేటుకు రామగుండం పేరు దక్కింది. దాని పరిధిలో పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలు రెండూ ఉన్నాయి.

ఇంతవరకు పుస్తకాలలో దొరికే పరిపాలన. నగరవాసి అనుభవంలోని పరిపాలన వేరు. సింగరేణి క్వార్టరులో ఉండేవానికి నీరు, కరెంటు, వీధిదీపం, వైద్యం కంపెనీ ఇస్తుంది. ఇక్కడి గనులు రామగుండం–1, 2, 3 ఏరియాలుగా విభజితమై, ఒక్కొక్కటి ఒక జనరల్ మేనేజరు అధీనంలో ఉంటాయి. సంస్థ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. జ్యోతినగర్ బాధ్యత కేంద్రప్రభుత్వ విద్యుత్ సంస్థది. భూగర్భంలో భద్రతను పర్యవేక్షించే గనుల భద్రతా డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. ఒకే వీధికి కుడివైపు కంపెనీ, ఎడమవైపు నగరపాలక సంస్థ అయినప్పుడు మురుగుకాలువ ఎవరిదన్న ప్రశ్న హాస్యానికి వేసేది కాదు. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో చాలాకాలంగా ఉక్కు సంస్థే పౌరసేవలను నిర్వహిస్తూ వచ్చింది. పరిశ్రమ సేవలందించే ప్రాంతాన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించి, పురపాలక సంఘం లేకుండా విడిచిపెట్టే వీలు రాజ్యాంగం 243క్యూ అధికరణంలోనే ఉంది. రామగుండం ఆ దారిన పోలేదు. ఇక్కడ కాలనీలలోని ఓటరు కూడా మేయరును ఎన్నుకునే నగరంలో భాగమే. ఇది మెరుగైన మార్గమే అనాలి. యజమాని ఇచ్చే నీటికి కృతజ్ఞత చెప్పాలి గాని, నగరం ఇచ్చే నీటిని హక్కుగా అడగవచ్చు.

కంపెనీ తప్పుకున్ననాడు ఏమవుతుందో రామగుండం ఒకసారి చూసింది. బొగ్గు నుంచి యూరియా తయారుచేసే ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతపడింది. ఒక కాలనీకి కాలనీయే వెలవెలబోయింది. అదే ప్రాంగణంలో 2015లో ఏర్పడిన కొత్త సంస్థ 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించేదాకా రెండు దశాబ్దాలు గడిచాయి. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేయగల ఈ కర్మాగారానికి బొగ్గుతో పనిలేదు. అది సహజవాయువుతో నడుస్తుంది.

బొగ్గు తరిగిపోయే సంపద. 1990ల తొలినాళ్ళలో సింగరేణి అంతటా లక్షకు మించిన కార్మికుల సంఖ్య నేడు 40 వేల ప్రాంతానికి తగ్గింది. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో జోల్‌ఫెరైన్ గని 1986లో మూతపడగా, 2001లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. 2018లో ఆ దేశపు చివరి రాతిబొగ్గు గనిని కూడా మూసివేశారు. గనిని మ్యూజియంగా మార్చటానికి అక్కడ సంవత్సరాలు పట్టింది. రామగుండంలో అంతకు ముందే తేలవలసిన విషయం మరొకటి ఉంది. క్వార్టరు కంపెనీది కనుక పదవీ విరమణ చేసిన కార్మికుడు దానిని ఖాళీ చేయాలి. అందుకే ఎన్నో కుటుంబాలు సింగరేణి స్థలాలలోనే ఇళ్ళు కట్టుకున్నాయి. ఇల్లు వారిది, నేల వారిది కాదు. కంపెనీ ప్రభుత్వానికి అప్పగించిన స్థలాలలోని ఇళ్ళను క్రమబద్ధీకరించేందుకు 2019లో 76వ నంబరు ఉత్తర్వు వెలువడింది. గోదావరిఖని వంటి చోట తండ్రి ముప్పైయేళ్ళు బాయికి దిగి సంపాదించిన ఇంటికి కొడుకు పేరున పట్టా వచ్చిందంటే, ఆ కుటుంబానికి ఈ నగరం మొదటిసారి తన ఊరైనట్లే.