పుదుచ్చేరికి బయలుదేరే పెళ్లికొడుకు జట్టు: చేయవలసినవి – చేయకూడనివి

వేలూరు సత్తువాచారిలో పెళ్లి కుదిరిన కుర్రాడు స్నేహితులను వెంటేసుకుని రెండు రోజులు పుదుచ్చేరి వెళ్లి రావడం ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. గుడియాత్తంలోనూ, కాట్పాడిలోనూ తెలుగు ఇళ్ల పిల్లలు అదే చేస్తున్నారు. ఏలగిరి కొండ దగ్గరే ఉన్నా మనసు సముద్రం మీదికే పోతుంది. వైట్ టౌన్‌లో, కాలువకూ కడలికీ మధ్యనున్న ఫ్రెంచి కాలపు వీధుల్లో ఒక ఖరీదైన బస, మర్నాడు చున్నాంబార్ నుంచి పడవలో ప్యారడైజ్ బీచ్. చాలామంది వేసుకునే పథకం ఇదే.

వెళ్లవద్దని నేను చెప్పడం లేదు. పెళ్లి తర్వాత అందరూ ఒక్కచోట చేరే రోజులు అరుదు కాబట్టి ఆ రెండు రోజులకు విలువ ఉంది. నా భయమల్లా ఒకటే. పదిమంది మగపిల్లలు చేరిన చోట "వద్దురా" అనే మాట ఎవరి నోటా రాదు. అన్నవాణ్ణి పిరికివాడంటారు. ప్రమాదాలు చాలావరకు అక్కడే పుడతాయి. అందుకే మొదట చేయవలసిన పని గది వెతకడం కాదు, ఆ రెండు రోజులూ ఒక్క చుక్క ముట్టని మనిషిని ఎంచుకోవడం. బండి తాళాలు, డబ్బు, అందరి ఇళ్ల ఫోన్ నంబర్లు అతని దగ్గరే ఉండాలి. "నీళ్లలోకి దిగొద్దు", "ఇప్పుడు బయలుదేరడం లేదు" అని అతనంటే పెళ్లికొడుకు కూడా ఎదురు చెప్పకూడదు. జట్టులో అందరికంటే చిన్నవాడి మీదికి ఈ పని తోసేయకండి, వాడి మాట ఎవరూ వినరు. బావ వరసైనవాడో, అందరూ అన్నా అని పిలిచేవాడో అయితే మంచిది.

ఎప్పుడు వెళ్లాలి

పెళ్లికొడుకును చేశాక ఊరి పొలిమేర దాటనివ్వరు మన ఇళ్లలో. ఆ నియమాన్ని ఇంకో రెండు వారాలు వెనక్కి జరపండి. కాలు బెణికినా, నాలుగు కుట్లు పడినా, జ్వరం తగిలినా ముహూర్తానికి ముందే తేరుకునే వ్యవధి ఉండాలి. పెళ్లికి రెండు మూడు రోజుల ముందు బయలుదేరే పార్టీని ఇంటి పెద్దలు ఆపితే వాళ్లనే సమర్థిస్తాను.

కార్తీక మాసపు ముహూర్తాలవాళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం, తుపానుల కాలం. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఒక్క రోజులో అక్కడ 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. మర్నాడు తిరువణ్ణామలైలో కొండచరియ విరిగిపడి ఏడుగురు చనిపోయారు. అది మనం తిరిగొచ్చే దారిలోని ఊరే. బంగాళాఖాతంలో వాయుగుండమనే వార్త వింటే గదికి కట్టిన అడ్వాన్సు పోయినా పోనివ్వండి, ప్రయాణం మానుకోండి.

పౌర్ణమి శని, ఆదివారాల్లో పడితే తిరువణ్ణామలై మీదుగా వెళ్లకండి. గిరిప్రదక్షిణకు వచ్చిన లక్షల మంది రాత్రంతా రోడ్డు మీద నడుస్తూ ఉంటారు, వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. కార్తీక దీపం రోజుల్లోనూ అంతే. ఆరణి, చేత్పట్టు, చెంజి మీదుగా దిండివనం చేరే దారి ఉంది.

బండి, డ్రైవర్

డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకోండి. నంబర్ ప్లేటు పసుపుపచ్చగా ఉందా, పుదుచ్చేరిలోకి వెళ్లడానికి పర్మిట్ ఉందా అని బండి యజమానిని ముందే అడగండి. తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు కారును అద్దెకు తీసుకోకండి. సొంత వాడకానికి చేయించిన బీమా, కిరాయికి తిప్పినప్పుడు జరిగిన ప్రమాదానికి అక్కరకు రాకపోవచ్చు.

డ్రైవర్ నిద్ర గురించి ఎవరూ ఆలోచించరు. మనవాళ్లు మేడమీద పడుకుంటే అతను రాత్రంతా దోమల మధ్య వ్యాన్ సీటులో ముడుచుకుని ఉంటాడు. పొద్దున అదే మనిషి చేతిలో పదిమంది ప్రాణాలు పెడతారు. అతనికీ ఒక గది, ఒక పరుపు, వేళకు భోజనం ఏర్పాటు చేయండి. మీ వంతు ఖర్చులోనే అతని గది ఖర్చు కలపండి. "ఒక పెగ్గు వేసుకో అన్నా" అని మర్యాదకైనా అనకండి.

శుక్రవారం పని ముగించుకుని అర్ధరాత్రి బయలుదేరకండి. రెండు నుంచి ఐదు గంటల మధ్య ఎంత అనుభవజ్ఞుడికైనా రెప్పలు వాలతాయి. ఇంట్లో నిద్రపోయి శనివారం తెల్లవారుజామున ఐదింటికి కదిలితే పదింటికల్లా సముద్రం కనిపిస్తుంది. వెనక సీటువాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. పైకప్పు తలుపులోంచి నిలబడి వీడియోలు తీయకూడదు.

వేలూరు వాళ్లకు రోడ్డు ప్రమాదం బరువు బాగా తెలియాలి. మన సీఎంసీ ఆసుపత్రి వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో తోటి యువ డాక్టర్లతో సరదాగా విహారానికి వెళ్తుండగా కారు ప్రమాదం జరిగింది. వెన్ను దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. బాగాయంలో 1966లో మొదలైన పునరావాస కేంద్రం ఆమె పట్టుదలతో వచ్చిందే. సత్తువాచారి నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. బయలుదేరే ముందు జట్టులో ఒక్కరైనా ఆమె కథ మిగతావాళ్లకు చెప్పాలి.

బస

ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి మొత్తం డబ్బు ముందే పంపకండి. వీడియో కాల్‌లో ఇల్లు చూపించమనండి, వీధి పేరు అడగండి. డబ్బు వాపసు పంపుతామని ఎవరైనా క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే అది మోసం. డబ్బు తీసుకోవడానికి పిన్ నంబరు అక్కర్లేదు. మసాజ్ పేరుతోనో, అమ్మాయిల పేరుతోనో వచ్చే సందేశాలకు జవాబే ఇవ్వకండి. అవి బెదిరింపుల దాకా వెళ్తాయి.

వైట్ టౌన్‌లో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, పక్కనే అరవిందాశ్రమం ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదని దేశమంతటా నిబంధన ఉంది. నివాస ప్రాంతంలో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. అది ఇద్దరు మెల్లగా మాట్లాడుకునేంత శబ్దమే. పాటలు గదిలోనే పెట్టుకోండి, పదింటికి ఆపేయండి. వీధిలో వెళ్లే ఆడవాళ్ల ఫొటోలు తీయకండి, పిలిచి పలకరించకండి.

పాత ఇళ్ల మేడలకు పిట్టగోడలు పొట్టిగా ఉండవచ్చు. తాగాక ఎవరినీ మేడ మీదికి వెళ్లనివ్వకండి. అద్దె విల్లాలోని ఈత కొలనులో లైఫ్‌గార్డ్ ఉండడు. రాత్రి కొలనుకు తాళం వేయించండి. లోతు తెలియని నీళ్లలో తలకిందులుగా దూకడమంత తెలివితక్కువ పని లేదు. మెడ ఎముక విరిగితే ఆ జీవితం మళ్లీ మామూలు కాదు.

సముద్రం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మనం పాలారు ఒడ్డున పెరిగినవాళ్లం. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే చూస్తాం కాబట్టి మనలో చాలామందికి ఈత రాదు. వచ్చినవాళ్లు బావిలోనో, కొలనులోనో నేర్చుకున్నవాళ్లు. ఆ ఈత అలల్లో పనికిరాదు.

ప్యారడైజ్ బీచ్ ఒకవైపు చున్నాంబార్ వెనకజలాలు, మరోవైపు బంగాళాఖాతం ఉన్న ఇసుక తిన్నె. పడవలో లైఫ్ జాకెట్ ఇస్తారు. ఫొటో కోసం విప్పకండి. పడవలో లేచి నిలబడకండి. తిరుగు పడవ ఎన్నింటికో దిగగానే అడిగి తెలుసుకోండి, ఆఖరి పడవ దాకా ఆగకండి. ఏరు సముద్రంలో కలిసే చోట అసలు దిగవద్దు. ఆటు సమయంలో అక్కడ నీరు సముద్రంలోకి వేగంగా లాగుతుంది.

ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఏదో ఒక దారిన వెనక్కి పోవాలి. ఆ దారిలో అలలు విరగవు, నీరు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. చాలామంది ఒడ్డు వైపే ఎదురీది, ఒళ్లు అలిసిపోయి మునిగిపోతారు. అందులో చిక్కితే ఎదురీదకండి. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు తిరగండి.

స్నేహితుడు మునుగుతుంటే వెంటనే దూకడం అందరికీ తోచే పని. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ఎన్నోసార్లు చదివాం. తేలే వస్తువేదైనా విసరండి. ఖాళీ నీళ్ల క్యాన్, ట్యూబ్, తాడు, ఏదైనా సరే. లైఫ్‌గార్డ్‌నో, పక్కనున్న మత్స్యకారులనో పిలవండి, 112కు ఫోన్ చేయండి. ఒకరు అతని మీదనుంచి చూపు తిప్పకుండా వేలితో చూపిస్తూ ఉండాలి.

మందు తాగినవాళ్లు ఆ రోజు మోకాలు లోతు నీళ్లలో కూడా దిగకూడదు. ఎర్ర జెండా ఉంటే ఎవరూ దిగకూడదు. చీకటి పడ్డాక బీచ్ రోడ్డు పక్కనున్న రాళ్ల మీదికి వెళ్లకండి. నాచు పట్టిన బండలు తడికి జారతాయి.

మందు

పుదుచ్చేరిలో 18 ఏళ్లు నిండితే మద్యం కొనవచ్చు. తమిళనాడులో 21 నిండాలి. జట్టులో పందొమ్మిదేళ్ల తమ్ముడు ఉంటే అక్కడి చట్టం చూపించి వాడిచేత తాగించకండి. తాగనివాళ్లను ఎవరినీ బలవంతపెట్టవద్దు, ఇష్టం లేదంటే ఆ మాట అక్కడితో ఆగాలి. నిద్రమాత్రలు, ఫిట్స్ మందులు, షుగర్ మందులు వాడేవాళ్లు ముందే తమ డాక్టర్‌ను అడగాలి. ఇష్టం లేదంటే ఆ మాట అక్కడితో ఆగాలి.

లైసెన్సున్న దుకాణంలో సీలు వేసిన సీసా తప్ప ఇంకేదీ ముట్టకండి. 2023 మేలో మరక్కాణం దగ్గర, 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా ప్రాణాలు తీసింది. కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయారు. మిథనాల్ వెంటనే బయటపడదు. గంటలు గడిచాక చూపు మసకబారడం, కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి. అలా అయితే హ్యాంగోవర్ అనుకుని పడుకోబెట్టకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పుదుచ్చేరి ఊళ్లోనే ఇందిరాగాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, గోరిమేడులో జిప్‌మర్ ఉంది.

మత్తులో పడిపోయినవాణ్ణి గదిలో ఒంటరిగా వదలకండి. వెల్లకిలా పడుకోబెడితే వాంతి గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఒకరు కూర్చోండి. పిలిస్తే పలకకపోయినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి నిమిషానికి ఎనిమిది సార్ల కంటే తగ్గినా 108కి ఫోన్ చేయండి. ఇంట్లో తెలుస్తుందన్న భయంతో ఆలస్యం చేస్తే మిత్రుణ్ణి చేజేతులా పోగొట్టుకుంటారు.

గంజాయి జోలికి వెళ్లకండి. కొద్దిగా దొరికినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. పెళ్లికి ముందు ఆ కేసు వస్తే రెండు కుటుంబాలు తలెత్తుకోలేవు. చౌకగా వచ్చిందని సీసాలు వ్యాన్‌లో పెట్టుకుని రావద్దు. సరిహద్దులో తమిళనాడు పోలీసులు ఆపుతారు, మద్యనిషేధ చట్టం కింద కేసు పెడతారు, బండినీ స్వాధీనం చేసుకుంటారు. పాపం, ఆ బండి డ్రైవర్ అన్న బతుకుదెరువు.

తిరుగు ప్రయాణం

ఆదివారం ఉదయం అందరూ "నేను బాగానే ఉన్నాను, నేను నడుపుతా" అంటారు. లెక్క చూడండి. చట్ట ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒంట్లోంచి ఆల్కహాల్ సుమారుగా గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. రాత్రి పన్నెండింటికి 150 ఉన్నవాడికి ఉదయం ఏడింటికి ఇంకా 45 ఉంటుంది. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఆ లెక్కను మార్చవు, గడియారం ఒక్కటే మారుస్తుంది. శనివారం రాత్రి తాగినవాళ్లెవరూ ఆదివారం స్టీరింగ్ పట్టకూడదు. వ్యాన్ దిగాక ఇంటికి వెళ్లే బైకుకు కూడా ఇదే వర్తిస్తుంది. సత్తువాచారి దగ్గర హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ఆఖరి కిలోమీటరు కూడా రోడ్డే. ఆటోలో వెళ్లండి, లేదా ఇంట్లోవాళ్లను రమ్మనండి.

దారిలో ప్రమాదం కనిపిస్తే ఆగి సాయం చేయండి. క్షతగాత్రులను ఆదుకున్నవాళ్లను వేధించకూడదని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. జాతీయ రహదారి మీద సహాయానికి 1033, అంబులెన్స్‌కు 108, దేనికైనా 112. ఈ మూడూ అందరి ఫోన్లలో బయలుదేరకముందే ఉండాలి.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే, ఆ రెండు రోజులూ తాగకుండా ఉండేది ఎవరో ఈ వారమే అందరి ముందూ తేల్చండి. అందుకు ఒక్కరూ ముందుకు రాకపోతే గది బుక్ చేయకండి.